పాత సైకిళ్ళ పునరుద్ధరణ, పరిరక్షణ

పాత సైకిళ్ళ పునరుద్ధరణ అనగా కాలము గడచి పాడైన సైకిలును దాని తొలినాటి రూపమునకు తీసుకొనివచ్చుట. పరిరక్షణ అనగా ఆ సైకిలును ఇప్పుడు ఉన్న స్థితిలోనే, వెలిసిన రంగు, తుప్పు మరకలు, వాడుకలో జరిగిన మార్పులతో సహా, ఇక మీదట పాడవకుండా నిలుపుట. ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ సేకరణకర్తలలోను, మ్యూజియముల నిర్వాహకులలోను చాలాకాలముగా ఉన్నది. పల్నాడు జిల్లా (2022 ఏప్రిల్ 4కు ముందు గుంటూరు జిల్లా) లోని సత్తెనపల్లి వంటి పత్తి, మిరప పండే ప్రాంతాలలో సైకిలు కొన్ని దశాబ్దాల పాటు సామాన్యుని ముఖ్య వాహనము. ఇక్కడి ఇండ్ల వసారాలలో, గొడ్ల చావిళ్ళలో మిగిలిన సైకిళ్ళకు ఈ చర్చ నేరుగా వర్తిస్తుంది. పాత ఇనుము క్రింద తూకానికి పోవడము ఒక నష్టమైతే, మంచి ఉద్దేశముతో కొత్త రంగు వేయించి పాత ఆనవాళ్ళను చెరిపివేయడము మరొక నష్టము.

మాటల అర్థము

సైకిలు షాపులలో వాడే "ఓవరాయిలింగు" అన్న మాట ఆంగ్లములోని ఓవర్‌హాలింగు నుండి వచ్చినది. నూనెకు సంబంధించిన పని కనుక జనము దానిని తమకు అర్థమయ్యేటట్లు మార్చుకొన్నారు. సైకిలును పూర్తిగా విప్పి, గుండ్లు, కప్పులు, కోనులు కిరసనాయిలులో కడిగి, గ్రీజు పెట్టి, చక్రాల బెండు తీసి మరల బిగించడమే ఓవరాయిలింగు. ఇది పునరుద్ధరణ కాదు, మరమ్మత్తు మాత్రమే. దీని వలన సైకిలు చరిత్రకు హాని లేదు. రంగు గీకివేయడము, కొత్త పోత పోయించడము, భాగాలు మార్చడము మొదలైనప్పుడే అసలు చర్చ వస్తుంది.

ఇక "అసలు స్థితి" అన్న మాట కూడా పైకి కనబడేటంత తేలిక కాదు. ఫ్యాక్టరీ నుండి వచ్చిన స్థితియా, దుకాణదారు బిగించి అమ్మిన స్థితియా, లేక యజమాని ముప్పది ఏండ్లు తొక్కిన తరువాతి స్థితియా అన్నది ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది. మన దేశములో చాలా సైకిళ్ళు విడిభాగాలుగా పెట్టెలలో వచ్చి, దుకాణములోనే బిగించబడేవి. సీటు ఒక కంపెనీది, డైనమో మరొక కంపెనీది, టైర్లు వేరొక కంపెనీవి, క్యారియరు స్థానికముగా చేసినది అయ్యేవి. కావున అన్ని భాగాల మీద ఒకే కంపెనీ పేరు ఉండాలని పట్టుబట్టి మార్చేవారు, నిజానికి ఎన్నడూ లేని సైకిలును తయారు చేస్తున్నట్లే.

కంపెనీలు, ఆనవాళ్ళు

నేటి సైకిలు రూపము 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన రోవరు సైకిలుతో స్థిరపడినది. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చినది. స్వాతంత్ర్యమునకు ముందు మద్రాసు రాజధానిలో అమ్ముడైన మంచి సైకిళ్ళు ఎక్కువగా ఇంగ్లండు నుండి దిగుమతి అయినవే. ర్యాలీ (నాటింగ్‌హాం), బి.ఎస్.ఎ., హెర్క్యులిస్, ఫిలిప్స్ (బర్మింగ్‌హాం), హంబరు, రడ్జ్ పేర్లు పెద్దవారికి నేటికీ గుర్తున్నవి. 1930లలో చౌక జపాను సైకిళ్ళు కూడా వచ్చినవి.

స్వాతంత్ర్యము తరువాత దేశములోనే తయారీ పెరిగినది. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో మురుగప్ప కుటుంబము, ఇంగ్లండు లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి టి.ఐ. సైకిల్స్ స్థాపించగా, 1951 నుండి అక్కడ హెర్క్యులిస్ సైకిళ్ళు తయారైనవి. పశ్చిమ బెంగాలు లోని ఆసన్‌సోల్ వద్ద సేన్-ర్యాలీ కంపెనీ ర్యాలీ, హంబరు తదితర పేర్లతో సైకిళ్ళు చేసినది. ఇది 1980లో జాతీయము చేయబడి తరువాతి కాలములో మూతబడినది. సోనీపట్‌లో అట్లాస్ 1951లోను, లూధియానాలో హీరో 1956లోను మొదలైనవి. అట్లాస్ కంపెనీ సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, అనగా ప్రపంచ సైకిలు దినోత్సవము నాడే, ఆగిపోయినది.

ఒకే పేరు పలు చోట్ల వాడబడుట వలన సైకిలు వయసు తేల్చడము చిక్కుతో కూడిన పని. బి.ఎస్.ఎ. సైకిలు విభాగమును 1957లో ర్యాలీ కొన్నది. 1960లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారి సైకిలు వ్యాపారము, ర్యాలీ కలిసిపోయినవి. కావున బి.ఎస్.ఎ. అని ఉన్న సైకిలు బర్మింగ్‌హాంలో చేసినది కావచ్చును, నాటింగ్‌హాంలో చేసినది కావచ్చును, మద్రాసులో చేసినది కూడా కావచ్చును. ముందరి గొట్టము మీది బిళ్ళ ఒక్కటే చూచి నిర్ణయించరాదు. పెడళ్ళ దగ్గరి పెద్ద పళ్ళ చక్రము మంచి సాక్ష్యము. ర్యాలీ చక్రములో కొంగ తలలు, హంబరులో మనుష్యుల బొమ్మలు, రడ్జ్‌లో అరచేయి, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. చక్రాలలో వాటి పేర్ల అక్షరాలు ఉంటాయి. హంబరు ముందరి ఫోర్కుకు రెండేసి సన్నని గొట్టాలు ఉంటాయి. స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉన్న సైకిలైతే, చాలాభాగము ఆ హబ్బు మీదనే తయారీ సంవత్సరపు అంకెలు కొట్టి ఉంటాయి. అయితే హబ్బు తరువాత మార్చినది కాదని ముందు నిర్ధారించుకోవలెను.

సత్తెనపల్లి ప్రాంతములో సైకిలు

పల్నాడు నల్లరేగడి నేలలలో వాన కురిస్తే బండి చక్రాలు కూడా దిగబడిపోతాయి. జిగట మన్ను మడ్‌గార్డుకు, టైరుకు మధ్య చేరి గట్టిపడితే చక్రము తిరగదు. పుల్లతో గీకుతూ ముందుకు సాగడము ఈ ప్రాంతములో సైకిలు తొక్కిన ప్రతివారికీ అనుభవమే. అందుచేత కొందరు ముందరి మడ్‌గార్డును తీసివేసేవారు. అలా మడ్‌గార్డు లేని సైకిలు దొరికితే, అది పోయిన భాగమని అనుకొని కొత్తది తెచ్చి బిగించడము మామూలు. నిజానికి ఆ లోపమే ఆ సైకిలు ఏ నేల మీద తిరిగినదో చెబుతుంది.

సైకిలు ఇక్కడ మనుష్యులనే కాక సరుకును కూడా మోసినది. మిరప బస్తాలు, పత్తి మూటలు, పాల క్యానులు, పచ్చగడ్డి మోపులు, పాల ఐసు పెట్టెలు, సోడా బుడ్ల అరలు, చీరల మూటలు దాని మీదనే ఊరూరా తిరిగినవి. బరువునకు తట్టుకొనేటట్లు క్యారియరు క్రింద అదనపు చువ్వలు వెల్డు చేయించేవారు. ఫోర్కుకు ఊతకడ్డీలు వేయించేవారు. పురుగుమందు చల్లే పరికరము కట్టుకొనుటకు కొక్కేలు పెట్టించిన సైకిళ్ళు కూడా ఉన్నవి. 1987-88లో తెల్లదోమ తాకిడికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు తీవ్రముగా దెబ్బతిన్న సంగతి తెలిసినదే. అటువంటి కొక్కెమును "తరువాత అతికించిన చెత్త" అని కోసివేసేవారు, ఆ కాలపు సేద్యమునకు మిగిలిన ఒక చిన్న సాక్ష్యమును కోసివేస్తున్నారని గుర్తించవలెను.

సైకిలు మీద వ్రాతలు కూడా ఉండేవి. అద్దె సైకిళ్ళ షాపువారు వెనుక మడ్‌గార్డు మీద షాపు పేరు, సైకిలు సంఖ్య వ్రాయించేవారు. గంటల లెక్కన అద్దెకు ఇచ్చిన సైకిలు తిరిగి రావడానికి ఆ సంఖ్యే ఆధారము. ఎందరో పిల్లలు సైకిలు నేర్చుకొన్నది, మోకాళ్ళు పగులగొట్టుకొన్నది ఆ సంఖ్యల సైకిళ్ళ మీదనే. సొంత సైకిలుకు చైనుకవరు మీద యజమాని పేరు, ఊరి పేరు వ్రాయించుకొనేవారు. పెళ్ళిలో అల్లునికి పెట్టిన సైకిలు మీద ఆ తేదీ కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది. పురపాలక సంఘాలు, పంచాయితీలు సైకిలుకు పన్ను వసూలు చేసి సంవత్సరము, సంఖ్య కొట్టిన లోహపు బిళ్ళను ఇచ్చేవి. బిళ్ళ లేకపోయినా, రాత్రివేళ దీపము లేకపోయినా, ఇద్దరు ఎక్కినా జరిమానా ఉండేది. ఆ బిళ్ళ సైకిలుకు అంటుకొని ఉన్నదంటే, అది ఏ ఊరిలో ఏ సంవత్సరము తిరిగినదో కచ్చితముగా తెలిసినట్లే. ఇత్తడి బిళ్ళను చింతపండుతో తోమి మెరిపించడము మన ఇండ్లలో సహజము గాని, అలా పదే పదే తోమితే పల్చబడి అంకెలు అరిగిపోతాయి.

రంగు మీద రంగు వేసిన సైకిళ్ళది మరొక సమస్య. 1982లో స్థాపించబడిన తెలుగుదేశం పార్టీ సైకిలు గుర్తుతో 1983 ఎన్నికలలో గెలిచిన తరువాత, ప్రచార యాత్రలలో పసుపు రంగు వేసిన సైకిళ్ళు కనిపించడము మామూలైనది. నల్లని పాత హెర్క్యులిస్ మీద పసుపు పూత ఉంటే దానిని తీయవలెనా? ఫ్యాక్టరీ రూపము కోరేవారు తీయాలంటారు. రాష్ట్ర చరిత్రలో ఒక ఘట్టమునకు ఆ పసుపు రంగే గుర్తు గనుక ఉంచాలని ఇంకొకరు అనవచ్చును. ఇక్కడ పార్టీ అభిమానమునకు చోటు లేదు. పై రంగు క్రింద పాత రంగు ఎంత మిగిలినదో చూడనిదే ఏ నిర్ణయమూ చేయరాదు.

రెండు వాదాలు

ఐరోపాలో ఈ చర్చ మొదట కట్టడాల విషయములో వచ్చినది. ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలే-ల-డ్యూక్ (1814-1879) పాత చర్చిలను, కోటలను సంపూర్ణ రూపములో నిలబెట్టాలని భావించి, అవసరమైనచోట తన ఊహతో కూడా పూర్తి చేశాడు. ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ 1849లో దీనిని తీవ్రముగా ఖండించాడు. పాత రాయి మీది ఉలి దెబ్బను తిరిగి తేలేము గనుక పునరుద్ధరణ పేరుతో జరిగేది నాశనమే అన్నది అతని వాదము. ఆ భావాలతోనే విలియం మారిస్ 1877లో పురాతన కట్టడాల రక్షణకు సంఘము స్థాపించాడు. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలని సూత్రీకరించినది. పాత మోటారు వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫివా ఇటువంటి సూత్రాలనే 2012లో ట్యూరిన్ ఒడంబడికగా ఆమోదించినది. వీలైనంత తక్కువ జోక్యము, చేసిన పని అంతటినీ వ్రాసి ఉంచుట అన్నవి అందులో ముఖ్యమైనవి. సైకిళ్ళ సేకరణకర్తలు కూడా ఈ సూత్రాలనే అనుసరించవచ్చును.

మన సంప్రదాయము దీనికి కొంత భిన్నము. శిథిలమైన ఆలయమునకు జీర్ణోద్ధరణ చేయడము పుణ్యకార్యము. భిన్నమైన విగ్రహము పూజకు పనికిరాదు. సంక్రాంతికి ఇంటికి సున్నము వేస్తాము, ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తాము, దసరాకు సైకిలును కడిగి పసుపు కుంకుమలు పెడతాము. వాడుకలో ఉన్న వస్తువు కొత్తగా కళకళలాడాలన్నది మన కంటికి అలవాటైన అందము. కావున తాతగారి సైకిలుకు మెరిసే రంగు వేయించిన మనుమడిని తప్పుపట్టడము న్యాయము కాదు. అతడు దానిని గౌరవించిన పద్ధతి అది.

అయితే సత్తెనపల్లికి దగ్గరలోని అమరావతి మరొక పాఠము చెబుతుంది. 1797లో కాలిన్ మెకంజీ చూచిన ఆ మహాస్తూపపు శిల్పాలు తరువాతి కాలములో మద్రాసు, లండను మ్యూజియములకు చేరినవి. మద్రాసులో 1880లలో ఆ సున్నపురాతి పలకలను సిమెంటుతో గోడలోనికి బిగించారు. పురాతత్త్వ అధికారి జేమ్స్ బర్జెస్ దీనిని ఆక్షేపించాడు. బిగించినవారి ఉద్దేశము రక్షణయే. కాని పట్టుకొన్న సిమెంటును పలకకు దెబ్బ తగలకుండా తీయడము కష్టము. తిరిగి వెనుకకు తీసుకోలేని పనిని ఎంత మంచి ఉద్దేశముతోనైనా తొందరపడి చేయరాదన్నది రాతికీ వర్తిస్తుంది, ఇనుముకూ వర్తిస్తుంది. అమరావతి శిల్పాలకు విరిగిన ముక్కులు కొత్తగా అతికించాలని ఎవరూ అనరు. సైకిలు అంతటి కళాఖండము కాకపోయినా, మన ఊరి రోడ్ల చరిత్రకు అదీ ఒక శాసనమే.

రంగు, పోత

పాత నల్లని రంగు కొలిమిలో కాల్చి గట్టిపరచిన ఎనామెలు. కొన్ని మంచి కంపెనీలు దాని క్రింద తుప్పు పట్టకుండా ఫాస్ఫేటు పూత కూడా ఇచ్చేవి. దాని మీద చేతితో గీచిన సన్నని బంగారు లేక ఎర్ర గీతలు, అంటించిన కంపెనీ చిత్రాలు ఉంటాయి. ఈ గీతలు, చిత్రాలు ఒకసారి పోతే మరల రావు. బజారులో దొరికే నకలు చిత్రాల రంగు, అక్షరాల వంపు తేడాగా ఉంటాయి.

ఇసుక పిచికారీతో రంగు తీసి పౌడర్ కోటింగు చేయించడము నేడు సులభము. అది గట్టిది, చౌకైనది. కాని పిచికారీ దెబ్బకు ఫ్రేము మీద కొట్టిన సంఖ్య లోతు తగ్గుతుంది, మీది మందపు పూత ఆ మిగిలిన సంఖ్యను కూడా పూడ్చివేస్తుంది. గొట్టాలు కలిసే అతుకుల అంచులు మొద్దుబారి కనిపిస్తాయి. డ్యూకో పెయింటు పల్చగా కుదురుతుంది గాని త్వరగా పెచ్చులూడుతుంది.

మెరుగు పోత విషయములో చరిత్ర తెలియకపోతే పొరపాటు జరుగుతుంది. 1920ల చివరి వరకు సైకిళ్ళకు నికెలు పోత ఉండేది, ఆ తరువాతనే క్రోమియము వాడుకలోనికి వచ్చినది. నికెలు కొద్దిగా పసుపు ఛాయతో మెత్తగా మెరుస్తుంది, క్రోమియము నీలి ఛాయతో అద్దములాగా మెరుస్తుంది. కావున అంతకు ముందు నాటి సైకిలుకు క్రోమియము పోయిస్తే చూడముచ్చటగా ఉంటుంది గాని అబద్ధము అవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో లోహాల కొరత వలన ఇంగ్లండులో పోత పోయవలసిన భాగాలకు కూడా నల్ల రంగే వేశారు. అటువంటి సైకిలు దొరికి, "పోత పోయినది" అనుకొని హ్యాండిల్‌కు, రిమ్ములకు క్రోమియము పోయిస్తే, యుద్ధపు గుర్తు మొత్తము తుడిచిపెట్టుకొని పోతుంది. పోతకు ముందు భాగమును అరగదీయవలసి ఉంటుంది గనుక హబ్బు మీది అంకెలు కూడా పోయే ప్రమాదము ఉన్నది.

పునరుద్ధరణ తగిన సందర్భాలు

పరిరక్షణవాదులు చెప్పినంత మాత్రాన ప్రతి తుప్పు ముద్దనూ అలాగే ఉంచాలని లేదు. రంగు పూర్తిగా పోయి, గొట్టాలు తుప్పుతో పల్చబడుతున్న సైకిలుకు కొత్త రంగు వేయకపోతే సైకిలే మిగలదు. అప్పటికే ఒకరు రంగు మార్చి, భాగాలు మార్చి, పాత ఆనవాళ్ళన్నీ పోగొట్టిన సైకిలును పునరుద్ధరిస్తే కొత్తగా పోయేది ఏమీ లేదు. లక్షల కొద్దీ తయారైన సాధారణ నమూనాను రోజూ తొక్కడానికి బాగుచేసుకొనడము కూడా సమంజసమే. తొక్కని సైకిలు కంటే తొక్కే సైకిలే ఎక్కువ కాలము బ్రతుకుతుందని పాత మెకానిక్కులు అంటారు, అందులో చాలా నిజమున్నది.

ఒక వ్యక్తితో ముడిపడిన సైకిలుకు మాత్రము వేరే న్యాయము. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య (1913-1985) వంటివారు తొక్కిన సైకిలును తీసుకొని కొత్త సీటు, కొత్త రంగు వేస్తే, మిగిలేది అదే నమూనా సైకిళ్ళలో ఒకటి మాత్రమే. సీటు తోలు మీది ముడతలలోనే, పెడళ్ళ అరుగుదలలోనే ఆ మనిషి జాడ ఉంటుంది. పేరు ప్రఖ్యాతులు లేని పోస్టుమాను సైకిలుకైనా, బడిపంతులు సైకిలుకైనా ఆ కుటుంబము దృష్టిలో ఇదే వర్తిస్తుంది.

భద్రత విషయములో రాజీ పనికిరాదు. ఫోర్కులో పగులు, అరిగిన కాటరు పిన్ను, ఎండిపోయిన బ్రేకు రబ్బరులు ఉంటే తొక్కదలచినవారు మార్చవలసినదే. తీసిన పాత భాగమును పారవేయక, సంచిలో వేసి చీటీ కట్టి సైకిలుతోనే ఉంచితే రెండు పక్షాలకూ సమ్మతమే.

పని చేసే క్రమము

మొట్టమొదట చేయవలసినది కడగడము కాదు, ఫోటోలు తీయడము. అన్ని వైపుల నుండి, ప్రతి వ్రాత, బిళ్ళ, వెల్డు గుర్తు కనబడేటట్లు తీసి, ఫ్రేము సంఖ్యను వ్రాసుకొనవలెను. ఇంటి పెద్దలను అడిగి ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఏ పనికి వాడారు అన్న వివరాలు వ్రాయవలెను. ఈ సమాచారము వారితోనే పోతుంది గనుక తుప్పు కంటే ముందు దీనిని అందుకోవలెను.

తరువాత పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, చైనుకవరు క్రింద, సీటు గొట్టము దగ్గర కనబడని చోట కొద్దిగా కిరసనాయిలు రాసి చూస్తారు. చాలాసార్లు నల్లని మడ్డి క్రింద పాత ఎనామెలు, బంగారు గీత ఆశ్చర్యము కలిగించేటంత చక్కగా బయటపడుతుంది. గరుకు కాగితము ఈ దశలో అసలు ముట్టుకోరాదు. పోత మీది తుప్పును నూనెలో తడిపిన మెత్తని రాగి తీగెల ఉండతో నెమ్మదిగా రుద్దుతారు. పోత లేని భాగాలను ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణములో నానబెట్టే పద్ధతి కూడా ఉన్నది. ఇది విషపూరితము గనుక చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలకు, పశువులకు అందనీయరాదు. తీసిన తరువాత బాగా కడిగి వెంటనే ఆరబెట్టకపోతే కొత్త తుప్పు పడుతుంది. చివరకు పల్చని మైనపు పూత పూస్తే గాలి, తేమ తగలవు. మైనమును ఎప్పుడైనా తుడిచివేయవచ్చును గనుక మ్యూజియములు కూడా దీనినే ఇష్టపడతాయి. లక్క వార్నీషు వేయడము మంచిది కాదు, అది పసుపుబారి క్రింది గీతలతో సహా ఊడివస్తుంది.

తోలు సీటు ఎండకు బిర్రబిగిసి పగులుతుంది. కొబ్బరినూనె దండిగా పట్టించడము మన అలవాటు. అతిగా పట్టిస్తే తోలు మెత్తబడి ఊయలలాగా సాగిపోతుంది. కొద్దిగా, అదీ క్రింది వైపు నుండి, ఏడాదికి ఒకసారి రాస్తే సరిపోతుంది.

విడిభాగాలు

పాత సైకిలు బాగుచేయదలచినవారికి మన దేశములో ఒక సౌకర్యము ఉన్నది. 28 × 1½ అంగుళాల టైర్లు, కడ్డీ బ్రేకులు, కాటరు పిన్నులు ఇంగ్లండులో ఎన్నడో వాడుక తప్పగా, ఇక్కడ వాటి తయారీ చాలాకాలము సాగినది. ఇంగ్లండు సేకరణకర్తలు భారతదేశపు టైర్లు తెప్పించుకొన్నారు. అయితే అన్ని భాగాలూ అన్నింటికీ సరిపోవు. ర్యాలీ తన సైకిళ్ళకు అంగుళమునకు 26 మరలు వాడగా, ఇతర కంపెనీలు 24 మరలు వాడినవి. ఈ తేడా తెలియక కొత్త కప్పును బలవంతముగా బిగిస్తే ఫ్రేములోని మరలే పాడవుతాయి, దానికి మందు లేదు.

బ్రిటనులో 1955లో స్థాపించబడిన పాత సైకిళ్ళ సంఘము సైకిలు తయారీ సంవత్సరమును నిర్ణయించడములో తోడ్పడుతుంది. సైకిలు చరిత్రపై అంతర్జాతీయ సదస్సులు 1990లో గ్లాస్గోలో మొదలైనవి. మన దేశములో పూణెలో 2017లో తెరచిన విక్రం పెండ్సే సైకిల్స్ మ్యూజియము పేర్కొనదగినది. సత్తెనపల్లి వైపు పాత భాగాలు ఎక్కువగా దొరికేది మూతబడిన సైకిలు షాపుల అటకల మీద, పాత ఇనుము కొట్లలో. ఊరిలోనికి ఉల్లిపాయలు ఇచ్చి పాత ఇనుము తీసుకొనేవారు వచ్చినప్పుడు ఇంట్లోని డైనమో దీపము, బెల్లు, అరిగిన చైనుకవరు వారి బుట్టలో పడిపోతుంటాయి. చైనుకవరు మీద పేరు వ్రాసి ఉన్నదేమో ఒక్కసారి తుడిచి చూసి ఇవ్వడము మంచిది.